పై మన్ను

గునపం అదే, బావి తవ్వినప్పటిది.
మొన రెండుసార్లు కొలిమిలో సాగగొట్టించాను,
అప్పటికంటే జానెడు పొట్టి.
నేనూ అంతే.
ఇవాళ తవ్వమన్నది ఐదడుగులే,
తవిటినాయుడు కోసం.

ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదని
వాళ్ళమ్మ ఇతన్ని పురిట్లోనే పొరుగింటికి
చేటెడు తవుడుకి అమ్మేసి, మళ్ళీ కొనుక్కుందట.
"నా కరీదు నాకు తెలుసు, నన్నెవుడూ మోసం సెయ్యనేడు"
అని నవ్వేవాడు, పళ్ళున్న రోజుల్లో.

చంపావతి గట్టు కోసి పల్లపు మడిని పట్టుకుపోయిన ఏడు
జోడెడ్లలో ఒకటి కూడా ఏటి పాలైంది.
కాడికి ఒక పక్క ఎద్దు, ఇంకో పక్క తను.
బండిలో నాగలి, తిరగలి, పోలమ్మ,
పోలమ్మ ఒళ్ళో కోడిపెట్ట.
గజపతినగరం దాటి ఈ దిబ్బ మీద కాడి దించాడు.
చెట్టు లేదు. నీడ కావాలంటే బండి కిందే.
మేకలోళ్ళు కూడా ఆగని చోటు.

రాళ్ళు కొట్టే పనికి అటు పోతూ అడిగాను,
"ఏటి పండుతాది ఇక్కడ?"
"రాళ్ళు పండుతన్నాయి కదేటి," అన్నాడు,
"ముందు ఆటిని కోసీసి, తరవాత సోళ్ళు జల్లుతాను."

కోశాడు.
పగలు తట్టతో పోలమ్మ, వెన్నెల్లో అతను.
గట్టు మోకాలెత్తు లేచింది, నడుమెత్తు లేచింది.
వాన పడితే చాలు, మళ్ళీ కొత్త రాళ్ళు తేలేవి,
కింద ఎవరో కూర్చుని పైకి అందిస్తున్నట్టు.

ఆ ఏడే పిల్ల పోయింది. ఆరు నెలలది.
తవుడుకి అమ్ముదామంటే
కొనడానికి ఇరుగమ్మ లేదు ఇక్కడ.

బావికి నన్ను పిలిచాడు.
పదడుగులు మొరం. ఇరవై దాకా సుద్ద. ఆపైన నల్లరాయి.
నలభై రెండో అడుగులో మొన చల్లబడింది.
నేను కేకెయ్యలేదు. గుప్పెడు తడిమన్ను
తట్టలో పెట్టి తాడు లాగాను.
పైన చాలాసేపు చప్పుడు లేదు.
తర్వాత తనే దిగొచ్చి
ఆ బురదని నాలుకకి రాసుకున్నాడు.
"ఉప్పు నేదు, దుర్గాసీ."
కూలిలో రెండు కుంచాల చోళ్ళు ఇంకా బాకీ.

నీళ్ళున్నాయని తెలిసి మరో నాలుగు బళ్ళొచ్చాయి,
పాక పక్కన పాక.
ఊరికి పేరెవరు పెట్టారో తెలీదు గానీ
బస్సు కండక్టరు "తవిటివలస, తవిటివలస" అని అరిచేవాడు.
తాసీల్దారు కాగితంలో ఈ నేల ఇంకా బంజరే.
దాన్ని మడిచి చూరులో దోపి
గోగు కోతకి పొద్దెక్కిపోతోందని వెళ్ళిపోయాడు.
చెదలు తిన్నాయి చూరుని, కాగితాన్ని కూడా.

నిన్న పొద్దున ఉలవచేలో గొంతుక్కూచుని ఉంటే
రాయి ఏరుతున్నాడనుకున్నారు.
అంబలి తిరిగిరాలేదేమని కోడలు వెళ్ళింది.
చేతిలో నిమ్మకాయంత రాయి.
గట్టు ఇంకా పది బారల దూరం.

కాల్చొద్దని ముందే చెప్పాడట:
"నాను నాటిన సెట్టు నా మీదికి కొట్టకండి."

తవ్వుతున్నాను.
మొదటి జానెడూ నల్లగా, మెత్తగా వస్తోంది.
పేడ, బూడిద, కుళ్ళిన గోగాకు,
తెగకుండా తప్పించిన ఒక వానపాము.
ఆ కింద గునపం ఠంగుమంది. ఎర్ర మొరం.
ఆ రోజు కాడి దించిన నేల
అక్కడే ఉంది, అలాగే ఉంది.
యాభై రెండేళ్ళు, కొలిస్తే జానెడు.

కొడుకులు అంతా కలిపి తోసెయ్యబోతే కసిరాను.
నల్లమన్ను ఒక కుప్ప, మొరం ఒక కుప్ప.
మొరం ముందు వేశాం.
పై మన్ను పైన.

ఆ రాయిని గట్టు మీద పెట్టి వస్తుంటే
పెద్దకోడలు చేటతో ఎదురొచ్చింది, చేతిలో కుంచం.
"రెండు కొలవమని ఎప్పుడో సెప్పినాడు మావ."
ఒకటి కొలిపించుకున్నాను.
రెండోది ఉండనీ, అన్నాను.