పదకొండు మిల్లీమీటర్లు

ఇంజను విప్పమంది ఫొటీని.
ఇంకో యాభై గుర్రాలు కట్టమంది.
ఉన్నవాటికే పగ్గాల్లేవు తల్లీ, అన్నాను.

డెబ్బై రెండు నాటి వాలియంట్ చార్జర్.
ఆవపువ్వు పసుపు.
తిన్నని రోడ్డు మీద దాన్ని పట్టేది లేదు.
వంపు కనబడిందా,
ముక్కు నేలకి పొడుచుకుని
నడుం ఓ పక్కకి వాల్చి
విందు తిన్నవాడు మంచం మీద ఒత్తిగిలినట్టు
తీరిగ్గా తిరిగేది.
వాపు చూసి బలుపనుకునే కాలంలో పుట్టింది,
దాని తప్పేముంది?

థెబర్టన్‌లో మా షెడ్డు. ఫిబ్రవరి.
రేకుల కింద నలభై రెండు డిగ్రీలు.
ఆమె వారానికి ఐదు రోజులు
గ్లెనెల్గ్ సముద్రం దాకా ట్రామ్ నడుపుతుంది,
స్టీరింగే లేని బండి.
ఆదివారం పొద్దున్నే నార్టన్ సమ్మిట్ ఘాట్ రోడ్డెక్కి
మెలికలన్నీ తన చేతుల్తో విప్పుకోవాలని.
"పట్టాల మీద పోయినట్టు పోయేలా చేస్తాను."
మా పనివాళ్ల వాడుక మాట, నోరు జారింది.
"పట్టాల మీద రోజూ పోతాను నోస్కే.
నాకది వద్దు."

ఎండిన రస్కుల్లా రాలిపోతున్న బుష్‌లు తీశాను.
నూనె కక్కేసిన షాక్ అబ్జార్బర్లు తీశాను.
ముందర టార్షన్ బార్లు కొంచెం లావువి వేశాను.
కొంచెమే.
మరీ బిగిస్తే బండి నేల మాట వినదు,
గుంట గుంటకీ గెంతి
వంపు మధ్యలో చేయి వదిలేస్తుంది.
ముందు చక్రాలు రెంటినీ కలుపుతూ ఒక స్వే బార్,
ఒకటి అలిగి లేస్తే రెండోది ఊరుకోకుండా.
టైర్లు మార్చనంది.
ఇంకా గాళ్లు లోతుగానే ఉన్నాయట.
పక్కన ముద్రేసిన సంవత్సరం చూపించాను.
"ఆ ఏడే మా చిన్నదానికి పళ్లొచ్చాయి" అంది,
మార్చమంది.

ఆ తర్వాత, చేపల గాలపు దారం.
బండికి నాలుగు మూలలా స్టాండ్లు పెట్టి
దారం బిగించి
చక్రం అంచు నుంచి స్టీలు స్కేలుతో కొలిచాను.
మళ్లీ కొలిచాను.
కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ.
వెనక ఎడమ చక్రం
పదకొండు మిల్లీమీటర్లు వెనక్కుంది.

కార్పెట్ ఎత్తితే తారు,
తారు గీకితే వెల్డింగు అతుకు.
ఎవరో, ఎప్పుడో, ఏ యూకలిప్టస్‌నో గుద్ది
ఆ రాత్రిని ఇక్కడ పూడ్చి
పైన పసుపు పూశారు.
"కుడికి లాగేది," నెమ్మదిగా అంది ఫొటీని,
"ఎదురొచ్చేవాళ్ల మీదకి.
నా చేతుల్లోనే ఏదో లోపమనుకున్నాను."
ఎనిమిదేళ్లు.
భుజం నొప్పికి రెండుసార్లు డాక్టరు దగ్గరికెళ్లిందట.

అతుకు కోసి, స్ప్రింగు పీట జరిపి
దారానికి నాలుగు చక్రాలూ తలవంచేసరికి
నాలుగు శనివారాలు.

ఆదివారం. నేను పక్క సీట్లో.
ఊరు దాటామో లేదో
బండి ఎడమకి, కంకర మీదకి.
"పాడుచేశావ్!"
నేను రోడ్డు చూడలేదు. ఆమె చేతులు చూశాను.
లేని వంకరని సరిచేస్తున్నాయవి,
పాత అలవాటున, నమ్మకంగా.
"వదిలెయ్," అన్నాను. "కాస్త వదిలి చూడు."
వేళ్లు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.
బండి తన దారిన తను తిన్నగా పోయింది.
చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

మొదటి మెలిక తడబడింది.
రెండోదీ.
ఐదో మెలికలో
బ్రేకు ముందే అయిపోయింది, ముక్కు లోపలికి తిరిగింది,
నడుం వెంటే వచ్చింది,
రోడ్డులోని గరుకంతా ఆమె అరచేతుల్లోకి ఎక్కుతుంటే
గంటకి అరవై కూడా దాటలేదు,
అయినా ఆమె నవ్వుతోంది, నోరు తెరిచి,
నోట్లోకి గాలి.

కొండ మీద ఆపి
భుజం తిప్పి చూసుకుంది, టక్కుమంది.
"ఇంజను సంగతి తర్వాత చూద్దాం" అంది.

తర్వాత అంటే
వచ్చే శనివారం, తొమ్మిదింటికి.