తాగడానికి ముందు

పాండురంగాపురం డౌన్ దిగి బీచ్ రోడ్డు దాటితే
కార్పొరేషన్ వాళ్ళు పాతిన స్తంభం ఒకటుంటుంది.
కింద ఉప్పుగాలికి తుప్పు, పైన ఆకుపచ్చ దీపం.
నెంబరు కొడితే ఓటీపీ వస్తుంది,
ఓటీపీ కొడితే లోకం వస్తుంది.
సాయంత్రం ఆరయ్యేసరికి దాని కింద అరుగు మీద
పిట్టల్లా వాలిపోతాం.

నా రోజువారీ డేటా మధ్యాహ్నానికే అయిపోతుంది.
షిప్‌యార్డులో వెల్డింగు పని.
డ్యూటీ దిగి, క్యారేజీ పక్కన పెట్టుకుని
సినిమాలు దింపుకుంటాను.
చూడను. చాలావరకు చూడను.
ఊరికే వస్తుంటే ఊరుకోలేక దింపుతాను.

ఆ రోజు ఒకేసారి మూడు పెట్టాను.
పక్కన సోడాబండి పైడిరాజు
స్పీకరు పెట్టి రీల్సు తిప్పుతున్నాడు,
ఏ పాటా పల్లవి దాటకుండానే చచ్చిపోతోంది.
ఒకావిడ వియ్యపురాలితో తగువు
రోడ్డు మొత్తానికి వినిపించి న్యాయం అడుగుతోంది.
కెరటాలు వాటి పని అవి చేసుకుంటున్నాయి,
ఎవరికీ వినపడకుండా.

అరుగు చివర ఒకతను.
రోడ్లూడ్చే డ్యూటీ కోటు విప్పి, మడిచి,
దానికి ఆనించి ఫోను నిలబెట్టాడు.
మాట లేదు. చేతులే.
ఫోనులో ఒకమ్మాయి, ఆమెవీ చేతులే.
మా అందరిలోకీ
చప్పుడు చేయని మనిషి అతనొక్కడే.

ఉండుండి బొమ్మ ఆగిపోతోంది.
మనకైతే బొమ్మ ఆగినా మాట వస్తుంది,
"హలో, హలో, వినపడతందా" అని ఎలాగో గట్టెక్కుతాం.
వాళ్ళకి బొమ్మే మాట.
ఆమె చెయ్యి సగం మాట మీద
గాల్లో అలా ఉండిపోయింది.
అతను ఫోను ఎత్తి స్తంభానికి చూపించాడు,
దీపానికి బిడ్డను చూపించినట్టు.
మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఆగింది.
చేతులకి నత్తి రావడం అప్పుడే చూశాను.

నా ఫోనులో మూడు నీలం గీతలు
హాయిగా పాకుతున్నాయి.

కంచరపాలెంలో మా వీధికంతా ఒకే కుళాయి ఉండేది.
తెల్లారి నాలుగింటికి, గంటసేపు నీళ్ళు.
పరదేశమ్మ అక్కడ రాయి మీద కూర్చునేది,
ఎవరూ ఇవ్వని ఉద్యోగం.
రెండో బిందె పెట్టినవాళ్ళతో అనేది:
"నాయినా, తాగడానికి ముందు, తోముకోడానికి తర్వాత.
కుళాయి నీ బాబుదైనా ఇదే లెక్క."
ఒకసారి మా అమ్మ డ్రమ్ము తీసుకెళ్ళింది.
ఆవిడేమీ అనలేదు.
వెనక నిలబడ్డ బాలింత చేతిలో ఖాళీ చెంబుకేసి
చూసిందంతే.
డ్రమ్ము ఖాళీగా ఇంటికొచ్చేసింది.
తర్వాత్తర్వాత దాన్లో బియ్యం పోసుకున్నాం.

నీళ్ళయితే కనపడతాయి,
ఎవరి బిందె పొర్లుతోందో, ఎవరి చెంబు ఎండిందో.
ఇది గాల్లో కుళాయి.
ధార కనపడదు, వరస కనపడదు,
ఎవరి వంతు మింగుతున్నామో
మింగేవాడికే తెలీదు.

ఆపేశాను. మూడూ.
ఒకటి తొంభై ఒక్క శాతం దగ్గరుంది.
అబద్ధమెందుకు, ప్రాణం ఒప్పలేదు.

"కాసేపు ఆపరా" అన్నాను పైడిరాజుతో.
"ఏటి మావా, ఫ్రీయే కదేటి?"
"ఫ్రీయేరా. అందుకే."
వాడికి అర్థం కాలేదు. నాకూ పూర్తిగా కాలేదు.
గడ్డంతో అటు చూపించాను.
వాడు చూశాడు. చాలాసేపు చూశాడు.
ఫోను జేబులో పెట్టుకుని బండి దగ్గరికి పోయి
అడిగినవాడు లేకుండానే ఒక సోడా కొట్టాడు.

వియ్యపురాలి తగువు మాత్రం ఆగలేదు.
దానికి నేను చాలను.

కాసేపటికి
ఆమె చెయ్యి కదిలింది.
అయిదు వేళ్ళూ దగ్గరకు చేరి నోటిదాకా వెళ్ళాయి.
తిన్నావా?
ఇంతసేపూ గాల్లో నిలబడిపోయిన మాట అదీ.
అతను తల అడ్డంగా ఊపి, మళ్ళీ నిలువుగా ఊపాడు.
తినలేదనో, తింటాననో.

నా వల్లేనా అంటే చెప్పలేను.
సరిగ్గా అప్పుడే ఒక టూరిస్టు బస్సు కూడా
భీమిలి వైపు కదిలి వెళ్ళింది,
నలభై ఫోన్లతో.