నీళ్లు కదిలిన చోటు

ముక్కుపుడక రానంది. సబ్బునీళ్లకు లొంగింది.
పుల్లంపేటలో బిగించిందట, పెళ్లికి ముందు.
బయట కువైట్ యాభై డిగ్రీలు,
ఈ గదిలో ఓబులమ్మకు రెండు దుప్పట్లు.

బోర్లా పడుకుంది.
చేతిలో రబ్బరు బంతి పెట్టి
భయమేస్తే నొక్కమన్నాను.
నొక్కలేదు.
ముగ్గురాయి గనిలో తట్టలెత్తిన మనిషి,
ఈ మోత ఆమెకో లెక్కా.

మొదటిసారి ఆ గడ్డ
తెరమీద కళ్లు పొడిచేంత తెలుపు:
కణం మీద కణం,
నీటిచుక్క ఒత్తిగిలడానికి సందు లేదు,
ఫర్వానియాలో మేం పదిమందిమి
వంతులేసుకు పడుకున్న గదిలాగ.

మూడు విడతల మందు ఎక్కాక, ఇవాళ
కొలత దాదాపు అంతే,
రెండు మిల్లీమీటర్లు అటో ఇటో.
తెలుపు మాత్రం మసకబారింది.
లోపల ఎవరో మంచాలు ఖాళీ చేస్తున్నారు,
నీళ్లు మసలుతున్నాయి.

"ఎట్లుండాది మ్మా?"

చెప్పే అధికారం నాది కాదు.
డాక్టరు చెప్తారన్నాను
పుడక మర బిగిస్తూ,
బిగిశాక కూడా తిప్పుతూ.

ఆమె నా మొహంలో ఏం చదివిందో,
"గురువారం మేడం ఇంట్లో చుట్టాలు,
ఆదివారం వస్తాలే కాగితానికి" అని
నల్ల అబాయా దులిపి తొడుక్కుంది.