పదకొండు సెకండ్లు

అనంతపురం రేడియో నుంచి ఫోనొచ్చినాది.
మెల్విల్ రొజారియో మాస్టారి పేరు మీద
మూడు దినాలు ఉత్సవమంట.
ఆయన పియానో, ఆయన చెప్పిన చదువు,
దినానికి ఒక గంట, సాయంత్రం వార్తలకి ముందర.
"మీరు శిష్యులు గదా, మూడు నిమిషాలు మాట్లాడండి."

శిష్యుడంటే నవ్వొచ్చింది నాకి.
పెండ్లి ఊరేగింపులో
జనరేటరు బండి ఎనకాల నడుస్తా
కీబోర్డు వాయించే దస్తగిరిని నేను.

మాస్టారు గూడ్సు బండి గార్డు.
బళ్ళారి లైన్లో పచ్చజెండా ఊపొచ్చి
చెయ్యి కడుక్కోని
గుంతకల్లు రైల్వే ఇన్‌స్టిట్యూట్లో పియానో ముందర కూర్చునేవాడు.
తెల్లోళ్ళు ఇడిసిపెట్టి పోయిన పియానో అది.
ఎండకి చెక్క పగిలి, తీగల్లో ఎలకలు కాపురం పెట్టి
ఏడు మెట్లు మూగబోయినాయి.
బాగు చేయించలా ఆయన.
"ప్రతి ఊర్లో పలకని ఇండ్లు కొన్ని ఉంటాయి రా.
వాటి ముందర నుంచే నడిచి పోవాల."
ఇప్పటికీ నా వేళ్ళు
కొత్త కీబోర్డు మీద గూడా ఆ ఏడింటినీ దాటుకోని పోతాయి.

జాజ్ అంటే
గోడకి పూసే ఎర్ర జాజు అనుకున్నా మొదట్లో.
చెప్తే కొట్టలేదు. "అదే అనుకో" అన్నాడు.

ఎడమ చేతికి ఒకటే పాఠం: నడువు.
"గొర్రెల ఎంబడి పొయ్యేటోడు
పరిగెత్తడు, నిలబడడు. అట్ల."
కుడి చేతికి: మాట్లాడు.
"నీళ్ళ ట్యాంకరు కాడ ఆడోళ్ళని ఇను.
ఒకరి మాట ఇంకొకరు అందుకోని, నడమ కొట్లాడి,
బిందె మాత్రం వరసలోంచి కదలనియ్యరు."
పాటని ఇంట్లోనే పెట్టుకుంటే ఏముందప్పా,
బజారుకి తీసకపో, నాలుగు సందులు తిప్పు,
పొద్దు గుంకేలోపల మళ్ళా ఇంటికి తీసకరా.

ఫీజు కింద మా నాయన
దూది ఏకి పరుపు కుట్టిచ్చినాడు.
పద్దెనిమిదేండ్లు పండుకున్నాడు దాని మీద.
కడపట్లో గూడా.

మొదటి దినం ఎవరో పెద్దాయన మాట్లాడినాడు.
అన్నీ మంచి మాటలే, ఒకటీ గుర్తులేదు.
రెండో దినం నేను.
మాటలు రాక బల్ల మీద వేళ్ళతో కొడతా ఉంటే
లోపలి నుంచి అద్దం తట్టినారు.

మూడో దినం క్యాసెట్టు.
మాస్టారి చేతిది మిగిలింది అది ఒక్కటే.
కిటికీ తీసిపెట్టి రికార్డు చేసింది.
నాలుగో నిమిషంలో చేతులు పైకెత్తి ఆపుతాడు.
బయట గూడ్సు బండి కూత.
ఆ కూత యాడుందో ఇని
దాని కింద మూడు వేళ్ళు పెట్టి
బండిని పాటలోకి ఎక్కించుకుంటాడు.

"బయట గోలంతా తీసేసినాం సార్,
కంప్యూటర్లో కడిగినాం, అద్దం మాదిరుంది ఇప్పుడు"
అన్నాడు స్టూడియో పిల్లోడు, ఎంతో సంతోషంగా.
అది గోల కాదు నాయనా అనేలోపల
ఎర్ర లైటు ఎలిగింది.

స్టేషన్ రోడ్డు, షేక్షావలి టీ బంకు.
రేడియో పెట్టించుకోని కూర్చున్నా.
నాలుగో నిమిషం.
మాస్టారు ఆపినాడు.
ఏమీ లేదు.
షేక్షావలి రేడియో నెత్తిన రెండు దెబ్బలేసినాడు.
"పాయెనే సిగ్నలు."
చెయ్యెత్తినా, తాకొద్దని.
తొమ్మిది. పది.
అప్పుడు యార్డులోంచి కూత,
నిజంది, కరెంటింజనుది.
ఆ ఎంబడే మాస్టారి మూడు వేళ్ళు.

కలవలా.
పాత డీజిలు కూతకి కట్టిన పాట అది.
కొత్త బండి అర మెట్టు పైన అరుస్తాది.

టీ మరకల బల్ల మీద
నా చూపుడు వేలు, నన్నడక్కుండానే,
ఒక్క మెట్టు పక్కకి జరిగింది.

"ఏమన్నా, చక్కెర చాలదా?" అన్నాడు షేక్షావలి.