ఎర్రలైటు పడితే

తెల్లారి నాలుగున్నరకి
మున్సిపాలిటీ ట్యాంకరు టవర్ క్లాక్ చుట్టూ తిరుగుతుంది.
రోడ్డుకి స్నానం.
నిన్నటి లారీల దుమ్ము, ఆటోల మసి
నల్ల నీళ్లై కాలవ పడతాయి.
గొట్టం పట్టుకున్న వన్నూరప్ప ముక్కుకి తువ్వాల బిగిస్తాడు,
దుమ్ముకి కాదు,
తన ట్యాంకరు పొగకే.

రొట్టెల మారెక్క పొయ్యి రాజేస్తా గొణుగుతుంది:
"మా ఈదికి కొళాయొచ్చి ఐదు దినాలాయ,
రోడ్డుకైతే దినామూ పోస్తారే సామీ!"
వన్నూరప్ప మాట్లాడడు.
ఆమె బండి ముందు మాత్రం
గొట్టం మూతి కాస్త వంగుతుంది,
ఒక బిందె నిండేంత సేపు.

సర్కిల్లో కొత్త బోర్డు రాసింది నేనే.
'ఎర్రలైటు పడితే ఇంజన్ ఆపండి.'
పసుపు మీద నల్లక్షరాలు,
సున్నాలు గుండ్రంగా కుదిరాయి.
బిల్లు ఇంకా రాలేదు.
ఎదురుగా నిలబడి వారంగా లెక్కపెడుతున్నా,
ఎవరూ ఆపరు.
పొగ పట్టి నా అక్షరాలే
అంచుల్లో మసకబారుతున్నాయి.

నిన్న ఒక్క బడి ఆటో
ఆగీ ఆగగానే గుడగుడ మానేసింది.
తొంభై సెకన్లు.
లోపల ఎవరో పిల్ల
ఏడో ఎక్కం అప్పజెబుతోంది.
ఏడు తొమ్మిదులు అరవై రెండట.

తప్పని
నాకు వినబడింది,
టవర్ క్లాక్ కింద,
పొద్దున ఎనిమిదిన్నరకి.