తరుగు

జూన్ ఇరవై నాలుగు. గుడిపాల దాటినాక
గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు, రోడ్డు వార,
నూట పదకొండో ట్రాక్టరు మాది.
రెండు రాత్రులయింది. తోతాపురి కాయల మీద
టార్పాలిన్ కప్పితే ఉడుకుతాయి, తీస్తే ఎండుతాయి.
కప్పుతా తీస్తా ఉన్నాం, నేనూ మామ శౌరయ్యా.

ఈపాటికి ఊళ్లో గంట కొట్టుంటారు.
స్నాపక అరుళప్ప పండగ.
"తల్లినీ బిడ్డనీ పక్కన పెడితే
పునీతులందరికీ పోయిన రోజే పండగ.
ఈయనొక్కడికే పుట్టిన రోజు. ఎందుకంటావా..."
అని ఆగి, వక్కాకు ఉమ్మి,
మా అవ్వ జ్ఞానమ్మ ఇంకేదో పనిలో పడేది.

అవ్వ చెప్పకుండానే పోయింది.
ఇవాళ మిట్టమధ్యాహ్నం ఫ్యాక్టరీ చిమ్నీ నీడ చెప్పింది.
ఏడాదిలో చానా కాలం ఉత్తరానికి పడే నీడ
కాస్త దక్షిణానికి ఒరిగి ఉంది.
పొద్దు ఎక్కాల్సినంత ఎక్కేసింది.
ఇంక నువ్వుగింజంత, నువ్వుగింజంత
క్రిస్మస్ దాకా దిగడమే.
తగ్గే వెలుతురు మొదట్లో ఒకడు పుట్టాడు,
పెరిగే వెలుతురు మొదట్లో ఇంకొకడు.

చిత్తూరు పక్కన మా ఏరు నీవా.
ఇసక తోడిన గుంటలు, తుమ్మ మొక్కలు,
నీళ్లు ఎప్పుడో ఒకప్పుడు.
ఆ పేరు పలికినప్పుడల్లా ఎవర్నో అడిగినట్టుంటుంది.
యొర్దాను గట్టున ఆయన్నీ అట్లే అడిగారంట:
రావాల్సినవాడివి నీవా?
ఊళ్లకు ఊళ్లు కదిలొచ్చి
మోకాలి లోతు నీళ్లలో నిలబడిన వేళ
ఔనంటే ఎవరు కాదంటారు?
కాదన్నాడు.
తర్వాత జైలు చీకట్లో కూర్చుని
అదే ప్రశ్న తనే పంపించాడు: నీవా?
ఎండిన ఏటికి మల్లే,
అడుగున తడి ఉందో లేదో తెలీక.

గేటు లోపల తూకం. టన్నుకి ఇంత తరుగు.
మచ్చకి, తడికి, ఎందుకని అడిగినందుకు.
తరుగు దగ్గర మేం గొంతు చించుకుంటాం,
గుమాస్తా తలెత్తడు.
ఆయన మాత్రం తన చీటీ తనే రాసుకున్నాడు.
వచ్చిన జనాన్నంతా
వెనక వచ్చేవాడి ఖాతాలో వేసి
తన పేరు కింద తరుగు ఒక్కటే మిగుల్చుకున్నాడు.
చివరికి తల కూడా.
పళ్లెంలో పెట్టి తూచారు కాబోలు.

చీకటి పడే వేళకి మునిలక్ష్మమ్మ వచ్చింది, వెనక వరసలోంచి.
ట్రాక్టరు బాడుగది, రోజుకింతని.
కాయలు కారుతున్నాయి. ట్రాలీ సందుల్లోంచి రసం
రోడ్డు మీద తేనె గీత. ఈగలు.
ఆమె ఏం అడగలేదు. నీళ్లుంటే ఇమ్మంది.
మామ నీళ్లిచ్చి, మా టోకెను ఇచ్చి,
ఆమెది తీసుకున్నాడు.
నూట నలభై ఆరు.
"పండగ కదరా" అన్నాడు.
నాకు కోపమొచ్చింది. ఇప్పుడూ ఉంది.
పండగని కాయలు ఆగుతాయా?

ఎవరో దోమలకని పాత టైరు ముట్టించారు.
ఆ పొగలోనే మామ నిద్రపోయాడు నోరు తెరుచుకుని.
తెల్లవారుజామున నాలుగు చినుకులు రాలి ఆగాయి.
నిన్నటికంటే ఒక గింజ తక్కువ పొద్దు
మెల్లగా పొడిచింది.
టోకెను మళ్లీ చూశాను.
తడి మట్టిలోంచి ఆరుద్ర పురుగొకటి,
ముఖమల్ ఎరుపు,
నా బొటనవేలెక్కి
ఆ అంకెల మీదుగా నడిచి
అవతలి అంచున కాసేపు నిలబడింది.

కాగితం కదలకుండా పట్టుకున్నాను.