ఈకాంబరం

గిరింపేట మలుపులో జిలానీ అన్న కోళ్ల అంగడి.
పదకొండేళ్లుగా అక్కడ పీకేది నేనే.
మాయమ్మ కంచికి మొక్కుకోని పెట్టిన పేరు ఏకాంబరం.
అంగడికొచ్చేవాళ్లు మొదటి అక్షరం పీకేసి
ఇంకోటి నాటినారు:
ఈకాంబరం.
పలకతా ఉండా. పలక్కపోతే బేరం పోతాది.

రాత్రి ఎనిమిదిన్నర. కాలిన వేళ్లకు
టెంకాయ నూనె పూసుకుంటా కూచోనుండా.
నవనీత డిక్షనరీ తీసింది,
అట్ట ఊడిపోతే సైకిల్ ట్యూబు ముక్కతో కట్టింది.
"నాయినా, టీచరు ఒక మాటిచ్చింది, ఫెదర్.
ఎన్ని అర్థాలుంటే అన్నీ రాసుకోని రమ్మంది."
"ఫాదరా? ఇక్కడే ఉండా గదా."
"ఫెదర్, నాయినా. ఈక."
"దానికి బుక్కెందుకు, నా చొక్కా దులుపు."
నవ్వలా.

ఈకంత తేలిక అని ఉండాదంట మొదట.
రాసినోడెవుడో తడిసిన ఈకల గోతాన్ని
ఆదివారం మధ్యాన్నం భుజానికెత్తుకోని
దిబ్బదాకా నడిచినోడు కాడు.

ఒకే ఈక పిట్టలు ఒకే గుంపంట.
మా బోన్లో అన్నీ తెల్లవే.
గుంపు అవి కట్టలా.
పలమనేరు నుంచి తెల్లారుజామున వచ్చే వ్యాను కట్టింది.

పడవ తెడ్డును నీళ్లమీద పడుకోబెట్టి తిప్పితే
అదీ ఫెదరేనంట.
నీవా ఏట్లో నీళ్లు పారితే గదా తెడ్డు.
ఆ అర్థం మన ఊరికి ఇసక.

"టోపీలో ఈక అంటే
గొప్ప పని చేసినందుకు గుర్తంట నాయినా,"
చదివి, గబుక్కున పేజీ తిప్పింది.

నేనూ మాట్లాడలా.
పోయిన నెల బడిలో మీటింగు.
గంట పర్మిషను అడిగి, సబ్బుతో రెండుసార్లు మొహం కడిగి
ఇస్త్రీ చొక్కా ఏసుకోని పోయినా.
గేటుకాడ నా తలకేసి చూసి
చెయ్యి చాపి
చెవిపైన అంటుకున్న ఒక ఈకను లాగి
పిడికిట్లో దాచుకునింది.
అటొకసారి, ఇటొకసారి చూసింది.
దాన్ని యాడ పారేసిందో అడగలా.

"ఇంకోటుండాది. ఇది క్రియ కూడా."
"క్రియంటే?"
"చేసే పని."
"తెలిసిందే గదా. పీకడం."
"కాదు నాయినా.
తొడగడం. ఈకలు కప్పడం.
బాణానికి కట్టడం, గూట్లో మెత్తగా పరవడం."

నూనె చేతులు ఆగిపోయినాయి.
ఈక పక్కన పీకడం తప్ప
ఇంకో పని నిలబడింది నేనెప్పుడూ వినలా.
ఈకకు ఈక, తోకకు తోక పీకతాడు అంటారు లెక్కలడిగేవాణ్ణి.
ఏం పీకినావంటారు ఖాళీగా తిరిగొచ్చినోణ్ణి.
ఎవుడో సముద్రం అవతలోడు
అదే మాటతో
బోసి ఒంటికి కప్పతా ఉండాడు.

రోజుకి నూటిరవై. ఆదివారం మూడొందలు.
పదకొండేళ్లు.
ఆ లెక్క నేనెయ్యను.

పిల్ల ఏదో రాసింది, కొట్టేసింది, మళ్లా రాసింది.
"ఏం రాసినావు?"
"సొంత వాక్యం. గ్రామరు తప్పుంటే చింపేస్తా."
చదవమని అడగలా.
నిద్రపోతా పోతా, గోడవైపు తిరిగి అనింది:
"అంబరం అంటే బట్టంట. తెలుగు సారు చెప్పినాడు."
దాని తర్వాత ఏమన్నా అంటాదేమోనని చూసినా.
గురక.

నాలుగున్నరకు డేక్సాలో నీళ్లు మసల్తా ఉండాయి.
ఈక మొలిచిన దిక్కుకే లాగాల,
ఎదురు లాగితే తోలు చినుగుతాది,
అంతే మా పనిలో ఉండే గ్రామరు.
మొదటి కోడి, ఇంకా వెచ్చగానే ఉండాది.
నీళ్లలో ముంచబొయ్యి
రెక్కకింద చెదిరిన నాలుగీకల్ని
వేలితో, ఊరికే,
ఒకసారి సరిచేసినా.

"ఏం ఈకాంబరం, నిద్ర చాల్లేదా?"
జిలానీ అన్న త్రాసు తుడస్తా అరిచినాడు.
పలికినా.